మా అమ్మ రోజా విడిచే మాటలు

మా అమ్మ పెళ్లినాటి నుంచి పట్టుకుంటూ వచ్చిన రంజాను ఉపవాసాలు, అదే రోజాలు, ఒక్కటీ చెల్లవన్నారు. ఆమె చేసిన నేరం, దేవుణ్ని వేడుకునే దువా తెలుగులో చదవడం.

ఆ మాట అన్నది గద్వాలలో మా పేట మసీదుకు అప్పుడే వచ్చిన ఇమాం సాబు. హైదరాబాదులో చదువుకొని వచ్చినవాడు. వయసులో నాకంటే కొంచెం పెద్ద ఉంటాడేమో, అంతే. అన్నది కూడా ఎక్కడో చాటున కాదు, మా వాకిట్లోనే, మా అమ్మ తోటి ఆడవాళ్లందరూ వింటుండగా. ఆయన తర్వాత మంచిగానే నడుచుకున్నాడు గదా, ఈ వయసులో ఇంకా ఎందుకు తవ్వుతావు అని మా వాళ్లు నన్ను కోప్పడతారు. మంచిగా నడుచుకున్నది కూడా రాస్తాను. కానీ అన్న మాటను అన్నట్టు రాయకుండా, మంచిని మాత్రం రాస్తే అది ఏం న్యాయం?

మేము దూదేకులవాళ్లం. ఇంట్లో మాట తెలుగే. నమాజు అందరిలాగే అరబ్బీలో చదివేవాళ్లం, తక్కిన కష్టసుఖాలన్నీ తెలుగులోనే దేవుడికి చెప్పుకునేవాళ్లం. మా ఇల్లు మగ్గాల వీధి చివర. మా నాయన పోయాక పని నా మీద పడింది. నాకు బడి లేదు. కోమటి దుకాణంలో సామాను కట్టి ఇచ్చిన కాగితాలు విప్పి, చదునుచేసి, అక్షరాలు కూడబలుక్కొని చదవడం నేర్చినవాణ్ని.

పందొమ్మిది వందల ముప్పైల చివర, సంస్థానం రోజుల సంగతి ఇది. ఆ ఏడు రంజాను చలి మొదలయ్యే కాలంలో వచ్చింది. మాకు చేతినిండా పని ఉండేది అప్పుడే. ఊరందరూ బొంతలు, రజాయిలు విప్పి గడ్డకట్టిన పాత దూది తెచ్చి మా అరుగు మీద కుప్ప పోసేవాళ్లు. ఒక చేత విల్లు పట్టుకొని, రెండో చేత కొయ్య గుండుతో నారిని కొడుతుంటే దూది లేచి ఇల్లంతా తేలేది. రోజా ఉన్నాం కాబట్టి నోటికి గుడ్డ కట్టుకొని ఏకేవాణ్ని. గుడ్డ కట్టినా పోగు పోక మానదు. పోతే రోజా ఉన్నట్టా, పోయినట్టా అని నేను సతాయిస్తే అమ్మ నవ్వేది. "నోట్లెకు దూది పోతే ఏం కాదు బిడ్డా. నీ నోట్లకెల్లి తిట్లు రాకుండ చూస్కో, గదే శాన" అనేది. నా సంగతి ఆమెకు తెలుసు.

తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు కాల్చేది. పల్లీల పొడి, మజ్జిగ. అదే మా సహరీ. తిని, నోరు పుక్కిలించి, కొంగు తలమీదికి లాక్కొని, గడప దగ్గర పడమటి దిక్కుకు తిరిగి నిలబడేది. రోజా పడుతున్నానని మనసులో అనుకునేదాన్ని నీయత్ అంటారు. అమ్మ దాన్ని పైకి అనేది:

"అల్లాసామీ, తెల్లారితె రంజాను రోజా పడుతున్న. పొద్దు గూకేదాక మెతుకు ముట్ట, నీళ్లు ముట్ట. ఓపిక నువ్వే ఇయ్యాలె."

సాయంత్రం విడిచేటప్పుడు చేతిలో ఉప్పుకల్లు పట్టుకొని:

"అల్లాసామీ, నీ కోసమే పట్టిన. నిన్నే నమ్మిన. నీ మీదనే భారమేసిన. నువ్విచ్చిన తిండితోనే ఇడుస్తున్న."

ఈ మాటలు ఆమెకు అత్త నేర్పింది. ఆ అత్తకు ఆత్మకూరు దిక్కు నుంచి వచ్చే ఫకీరు ఒకాయన నేర్పాడట. ఇప్పుడు ఇది రాస్తూ అరబ్బీ దువాను పక్కన పెట్టుకొని చూశాను. అల్లాహుమ్మ లక సుమ్తు, వ బిక ఆమంతు, వ అలైక తవక్కల్తు, వ అలా రిజ్ఖిక అఫ్తర్తు. నీ కోసం ఉపవాసమున్నాను, నిన్ను విశ్వసించాను, నీ మీద భారం వేశాను, నీవిచ్చిన ఆహారంతో విడుస్తున్నాను. మా అమ్మ మాటల్లో ఏం తక్కువైందో చెప్పమనండి.

రోజా విడిచే వేళకు మా పేట దూదేకుల ఆడవాళ్లందరూ మా వాకిట్లోకి వచ్చేవాళ్లు. అమ్మ ఒక్కొక్క మాట అంటుంటే వెనక వాళ్లు అనేవాళ్లు. మసీదు మాకు దూరం, మగ్గాల చప్పుడులో నమాజుకు పిలిచే అజాన్ వినబడేది కాదు. అందుకని మా పక్కింటి సాలె పెద్దాయన పొద్దు వాలగానే తన మగ్గం ఆపి, వీధిలో తక్కినవాళ్లను కూడా ఆపమని కేకేసేవాడు. మగ్గాలు ఆగితే ఒక్కసారిగా వీధంతా నిమ్మళమయ్యేది. ఆ నిమ్మళంలో దూరం నుంచి అజాన్ సన్నగా వచ్చేది. ఆయన భార్య గోడ మీదుగా తల పెట్టి, "ఇనబడ్డదా వదినె? నీ రోజాకు మా మగ్గం మీది కొంగు జానెడు ఎనుకబడ్డది చూడు" అని ఎకసెక్కం చేసేది. అమ్మ నానబెట్టిన శనగలు, బెల్లంముక్క గిన్నెలో వేసి గోడమీదుగా అందించేది. ఆమె గిన్నె తీసుకొని, ఇంత ఆలస్యానికి ఇన్నేనా శనగలు అనేది. రంజాను అంతా మాకు ఇట్లాగే గడిచేది. ఇప్పుడు తలుచుకున్నా కడుపు నిండుతుంది.

ఆ ఏడు నెల సగం అయిందో లేదో, ఇమాం సాబు తన రజాయి కోసం మా ఇంటికి వచ్చాడు. సరిగ్గా మగ్గాలు ఆగిన వేళ. వాకిలి బయట నిలబడి అమ్మ మాటలన్నీ విన్నాడు. ఇది ఏమిటని అడిగాడు. అమ్మ సంతోషంగా మళ్లీ మొదటి నుంచి అప్పజెప్పింది, చదువుకున్నాయన మెచ్చుకుంటాడని.

"అల్లాను సామి అంటవా అమ్మా? నీయత్ అరబ్బీల లేదు, దువా అరబ్బీల లేదు. ఇది రోజానే కాదు. ఇన్నేండ్లు ఉత్తగ ఆకలికి ఉన్నవు, అంతే."

రజాయి చంకన పెట్టుకొని వెళ్లిపోయాడు. అమ్మ ఉప్పుకల్లు నోట్లో వేసుకోకుండా అట్లాగే నిలబడింది. నేను లోపల గుండు చేతిలో పట్టుకొని ఉన్నాను. నా భార్య నా చేయి గట్టిగా పట్టుకున్నది కాబట్టి సరిపోయింది.

మరునాటి నుంచి ఆడవాళ్లు తగ్గుతూ వచ్చారు. వాళ్లనేమీ అనను, ఎవరి భయం వాళ్లది. ఇమాం సాబు ఇంటికి పోయి ఆయన భార్య వెనక అరబ్బీలో అనడం మొదలుపెట్టారు. అమ్మ కూడా నేర్చుకుందామని చూసింది. నా భార్య తొందరగా పట్టుకుంది గానీ అమ్మకు ముందు పండ్లు లేవు, నాలుక తిరగలేదు. సగం అరబ్బీలో అని, మరిచిపోయి, మిగతా సగం తెలుగులోకి జారి, తప్పు చేసినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

పండుగ అయిపోయింది. మరునాడు తెల్లవారకముందు చూస్తే అమ్మ పొయ్యి దగ్గర రొట్టె కొడుతున్నది. ఏందమ్మా, రంజాను అయిపాయె గద అన్నాను. తప్పిపోయిన రోజాలను తర్వాత పట్టి తీర్చుకోవడాన్ని ఖజా అంటారు. అమ్మ అది మొదలుపెట్టింది. ఒకటీ రెండూ కాదు, పెళ్లినాటి నుంచి పట్టినవన్నీ.

"చెల్లలేదన్నడు గద బిడ్డా. మళ్ల పడుత. పాణమున్నంత వరకు ఎన్నైతె గన్ని."

చలికాలమంతా పట్టింది. ఎండలు ముదిరినా ఆపలేదు. మధ్యాహ్నమయ్యేసరికి పెదవులు ఎండి, దూదిలోని చెత్త ఏరుతూ ఏరుతూ కుప్ప మీదనే ఒరిగిపోయేది. మనిషి సగమైంది. పక్కింటి ఆమె గోడ మీద నుంచి ఎకసెక్కాలు మాని తిట్లకు దిగింది, దేవుడు అడగని పని ఎందుకు చేస్తవు వదినె అని. పెద్దాయన మాత్రం రంజాను కాకపోయినా ప్రతి సాయంత్రం మగ్గం ఆపేవాడు. వాకిట్లో అమ్మ ఒక్కతే ఉండేది. ఆమె ఆ మాటలు పైకి అనడం మానేసింది. ఉప్పుకల్లు ఊరికే నోట్లో వేసుకునేది.

ఇట్లాగే పోతే వచ్చే రంజాను దాకా ఈమె ఉండదని నాకు అర్థమైంది. ఇమాం సాబు దగ్గరికి పోయి, ఇది ఎక్కడ రాసి ఉందో చూపించమన్నాను. నీకు అరబ్బీ వస్తదా అని అడిగాడు. రాదన్నాను. రానివానికి ఏం చూపించేది అని కితాబు మూశాడు. ఆ కితాబు మూసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. తర్వాత నేను అరబ్బీ అక్షరాలు నేర్చుకున్నానంటే అది ఆ చప్పుడు పుణ్యమే.

వనపర్తిలో పెద్ద మౌల్వీ సాబు ఒకాయన ఉన్నాడని, ఈ దిక్కు ఇమాంలందరూ ఆయనకు తలవంచుతారని ఆత్మకూరు సంతలో విన్నాను. విల్లు భుజాన వేసుకొని బయలుదేరాను. దారిలో పెద్దమందడిలో పని దొరికితే చేసుకొని, వాళ్లు పెట్టిన సంకటి తిని, వనపర్తి చేరాను.

మౌల్వీ సాబు బాగా ముసలివాడు. మంచం మీద కూర్చొని ఉన్నాడు. నా భుజాన విల్లు చూసి, మాట తర్వాత, ముందు నా పరుపు చూడు, రాళ్ల మీద పండినట్టుంది అన్నాడు. పరుపు విప్పి ఏకుతూ సంగతంతా చెప్పాను. నారి చప్పుడుకు వినబడక మధ్యమధ్య ఆపమనేవాడు, ఆపితే పని ఎందుకు ఆపినవనేవాడు. అంతా విన్నాక అడిగాడు, మీ అమ్మ తెల్లారకముందు ఏం తింటది అని. జొన్నరొట్టె అన్నాను. తక్కిన దినాల్లో ఆ వేళకు తింటదా? తినదు. మరి ఆ దినాల ఎందుకు తిన్నది? రోజా ఉన్నది గదా అన్నాను.

"ఇంక నీయత్ అంటే ఏందనుకున్నవ్ బేటా? దిల్ల అనుకున్నదే నీయత్. రోజా కోసమని లేచి తిన్నది, ఆడికే అయిపాయె. నోరు తెరవకున్నా చెల్లుతది."

విడిచే దువా గురించి అడిగితే, చదివితే మంచిది, అది రాకపోతే రోజా పోదు, తన భాషలో అడుక్కున్నా వినేవాడికి తెలుస్తది అన్నాడు. సామి అన్నదాని సంగతి కూడా భయపడుతూనే అడిగాను. మీ భాషలో దానికి అర్థమేమిటన్నాడు. మాలిక్, అంటే యజమాని, అన్నాను. "మరి ఆయన మాలిక్ కాదా?" అని పరుపు దిక్కు చూపించాడు, పని కానియ్యి అన్నట్టు.

అదంతా రాసి ఇమ్మన్నాను. ఆయనకు కోపమొచ్చింది. కాయితం తీసుకపోయి ఆ పిల్లగాని మొఖం మీద కొట్టాలనా, నోటితో అన్నవాడు నోటితోనే వెనక్కి తీసుకోవాలె అన్నాడు. నమ్మకపోతే తన దగ్గరికి రమ్మనమన్నాడు. కొత్తగా ఏకిన పరుపు మీద పడుకొని చూసి, హాయిగా నవ్వి, నాకు చాయ్ తెప్పించాడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. మొదట ఆమె ముఖం వెలిగింది. వెంటనే తల అడ్డంగా ఊపింది.

"నువ్వు నా కడుపుల పుట్టినోనివి. నేను తింటే సాలని చెప్తవు. అన్నాయన చెప్పాలె."

అంతే, ఖజా సాగింది. నేను అదే పూట ఇమాం సాబు దగ్గరికి పోయి ముసలాయన మాటలు అన్నవి అన్నట్టు అప్పజెప్పాను, నాకు అరబ్బీ రాదని ఆయన కితాబు మూసిన సంగతి కూడా గుర్తుచేశాను. వనపర్తి మౌల్వీ సాబు పేరు విన్నాక ఆయన ముఖంలో రంగు మారింది. అయినా నమాజు వేళైందని లేచి లోపలికి పోయాడు. మసీదు మెట్లు దిగుతూ నేను ఏమేం అనుకున్నానో ఇక్కడ రాయను, అమ్మ ఒద్దన్న తిట్లే అవి.

తర్వాత కొన్నాళ్లు మసీదులో ఇమాం సాబు కనబడలేదు. అజాన్ ఇచ్చే మోజన్ సాబే నమాజు చేయిస్తున్నాడన్నారు. ఎక్కడికి పోయాడంటే వనపర్తి దిక్కు బండెక్కాడని చెప్పారు.

ఒక సాయంత్రం అమ్మ ఎప్పటిలాగే ఉప్పుకల్లు పట్టుకొని వాకిట్లో కూర్చుంది. లేచి నిలబడే ఓపిక లేదు. పక్కింటి మగ్గం ఆగింది. వాకిలి బయట మనిషి అలికిడైంది. చూస్తే ఇమాం సాబు. ఆయన వెనక, మా వాకిలి మానుకున్న ఆడవాళ్లు. ఆయనే వాళ్లను ఇల్లిల్లూ తిరిగి పిలుచుకొచ్చాడని తర్వాత తెలిసింది. గోడ మీద పక్కింటి ఆమె తల లేచింది.

ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చాప అడగకుండా అమ్మ ముందర నేల మీద కూర్చున్నాడు. దూది పోగులు ఆయన నల్ల షేర్వానీకి అంటుకున్నాయి. అమ్మ గాభరాపడి కొంగు సర్దుకుంది. అజాన్ సన్నగా మొదలైంది. అమ్మ తలదించుకొని, మీరు దువా చదువుండ్రి సాబ్, నేను ఆమీన్ అంట అన్నది.

ఆయన రెండు చేతులూ చాచి పెట్టుకొని, అందరికీ వినబడేటట్టు అన్నాడు:

"లేదమ్మా. నాది తప్పు మాట. నువ్వు పట్టినయన్ని చెల్లినయి, రేపటి సంది పట్టకు. ఇన్నేండ్ల సంది నువ్వు ఎట్ల చదివినవో ఇయ్యాల గట్లనే చదువు. నేను ఆమీన్ అంట."