పన్నెండు బిందెల బండి

కారు కడిగితే ఎంత అడగాలో తేల్చింది నేను కాదు, నా భార్య. కొండకు మోటారు రోడ్డు పడిన కొత్త, యుద్ధం ఇంకా నడుస్తున్న రోజులు. తిరుపతి బజారులో ఒక బట్టల కొట్లో గుమాస్తాగా ఉండేవాణ్ణి. కొట్టు తెరిచేలోపు కొంతసేపు, సెలవు రోజైతే పొద్దస్తమానం, కొండ కింద అలిపిరి దగ్గర కార్లు కడిగేవాణ్ణి. దర్శనం చేసుకుని దిగినవాళ్లు దుమ్ము బండిలో ఊరికి పోవడానికి ఇష్టపడేవారు కాదు. కడిగించి, పసుపు కుంకుమ పెట్టించి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించాకే కదిలేవారు.

మామూలు కారుకు ఎనిమిది బిందెల నీళ్లు చాలు. పెట్రోలు కరువు వల్ల చాలా కార్లకు వెనక బొగ్గు డబ్బా తగిలించి, ఆ పొగతో నడిపేవారు. ఘాటు రోడ్డు ఎక్కే సత్తువ లేక అవి కిందే ఆగిపోయేవి. వాటి మసి వదలాలంటే పన్నెండు బిందెలు పట్టేవి. బావి దిగువన, రాళ్ల దారిలో ఉండేది. నీళ్లు మోసేది నా భార్య. అందుకే బిందెకు ఒక అణా కట్టి, మామూలు కారుకు అర్ధ రూపాయి, బొగ్గు కారుకు ముప్పావలా అని ఆమే నిర్ణయించింది.

కొన్నాళ్లకు జట్కా అమ్ముకున్న మనిషి ఒకడు మా ఎదురుగా చేరాడు. ఏ బండికైనా అర్ధ రూపాయే అని కేకలు పెట్టేవాడు. నాకు ఒళ్లు మండింది. మరునాడే వాడికంటే గొంతు పెంచి నేనూ అదే రేటు చెప్పాను.

ఆ రోజు ఇంట్లో ఆమె గొడవ పెట్టుకుంది. "బొగ్గు బండికి నాలుగు బిందెలు ఎక్కువ కావాల గదా. మీకేమి, నోటితో చెప్పేస్తిరి. మోసేది నేను."

"ఊరుకోమే. బేరాలన్నీ వానికి వదిలేస్తామా? నాలుగు బిందెలకే నడుము ఇరిగిపోతాదా?" అన్నాను.

పెళ్లయిన ఏడేళ్లకు ఆమె మొదటిసారి నీళ్లోసుకుంది. అప్పటికి అయిదో నెల. మా వీధి ఆడవాళ్లు కాన్పు దాకా నీళ్లు మోసేవాళ్లే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, ఎదుటివాడి దగ్గర ఒక్క బండి నిలిచినా నాకు అన్నం సహించేది కాదు. అంత కుళ్లు నాది.

ఒక సెలవు రోజున వరసగా మూడు బొగ్గు బండ్లు దొరికాయి. గర్వంతో ఉబ్బిపోయాను. మూడో బండి సగంలో ఉండగా ఆమె బిందె దించి, చక్రానికి ఆనుకుని కూర్చుంది.

"కొంచేపు ఆగదాము. పొత్తికడుపులో నొస్తా ఉండాది" అంది.

"ఈ బండి ఒకటి కానీ, పోదాము" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఆమె లేచి వెళ్లింది. తిరిగి తన కాళ్లతో రాలేదు. బావి దగ్గరి ఆడవాళ్లు ఆమెను చేతుల మీద మోసుకొచ్చారు. మధ్యాహ్నానికి మా ఇంట్లోంచి మంత్రసాని బయటికి వచ్చి, "మగబిడ్డప్పా, నిలవలేదు" అని చెప్పింది. ఇంకో కాన్పు మీద ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పింది. ఆమె మాటే నిజమైంది.

రెండు నెలల తర్వాత నా భార్య మళ్లీ అలిపిరికి వచ్చింది. వద్దంటే వినలేదు. నీళ్లు మాత్రం నేనే మోస్తున్నాను. చిత్తూరు వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన బొగ్గు బండి ఆపించి, "ఎంతప్పా?" అని నన్ను అడిగాడు. అర్ధ రూపాయి అనబోయాను. అంతవరకూ గిరాకీలతో ఒక్క మాటైనా మాట్లాడని నా భార్య నాకు అడ్డం వచ్చింది.

"ముప్పావలా, సామీ. పన్నెండు బిందెలు పడతాయి."

ఎదురుగా జట్కా మనిషి అర్ధ రూపాయి అని అరుస్తూనే ఉన్నాడు. పెద్దమనిషి అటు ఒకసారి చూశాడు. చూసి, "అట్లే కానీమ్మా, నీళ్లు మోసేది కష్టమే గదా" అని మూడు పావలాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. బేరమైనా ఆడలేదు.

ఆమె ఆ డబ్బులు నా వైపు చాచింది. తీసుకోలేకపోయాను. ఖాళీ బిందె ఎత్తుకుని బావికి వెళ్లి, అక్కడి ఆడవాళ్లంతా చూస్తుండగా కూర్చుని ఏడ్చాను.