రెండు డబ్బాల బీపీ మాత్రలు

మా పెదనాన్నగారు తన బీపీ మాత్రలన్నీ కిటికీలోంచి కొబ్బరిచెట్టు మొదట్లోకి విసిరేసేవారనీ, ఆ చెట్టు బొండాం తాగినవాడికి ఆర్నెల్లపాటు కోపం రాదనీ ప్రతి బ్యాచ్‌కీ చెబుతాను. మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు ఇలా కోతలు కోయొచ్చా అంటే, కోయకపోతే పిల్లలు నిద్రపోతారు. విసిరేయడం వరకూ మాత్రం నిజం.

మా విద్యార్థులు తలా కొన్ని కుటుంబాల ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండాలి. ఒకమ్మాయికి అంతర్వేది దగ్గర చేపలవేటకు వెళ్లే ఒకాయన ఇల్లు వచ్చింది. ఆయనకు బీపీ ఉందని ఆ పిల్లే పట్టుకుంది, మాత్ర నేను రాశాను. నెల తిరక్కుండానే ఆయన వల లాగుతూ కళ్లు తిరిగి పడవలో కూలబడ్డారు. అప్పట్నుంచీ పడవ ఒడ్డునే ఉంది.

"నావల్లే సార్. తలకి స్కాన్ తీయిద్దాం," అంది, ఏడుపొక్కటే తక్కువ.

"ముందు ఆయన మాత్ర ఎలా మింగుతున్నారో చూద్దాం, పద."

పొద్దున్నే వెళ్లి చూస్తే బీపీ బాగా పడిపోయి ఉంది.

"రోజూ వేసుకుంటున్నారా బాబాయ్ గారూ?" అని అడిగింది ఆ పిల్ల.

"ఆయ్, వేసుకుంటన్నానండి."

"ఒక్కటేగా?"

"మీరిచ్చింది ఒక్కటేనండి."

అంతలో ఫోను మోగింది. కువైట్‌లో ఇంటిపని చేసే ఆయన భార్య, వీడియోలో. ఆయన గబగబా అలమరలోంచి ఇంకో డబ్బా తీసి, ఓ మాత్ర ఫోనుకు చూపించి నోటి దాకా తెచ్చారు. ఆ పిల్ల ఎగిరి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, ఆ చెయ్యెవరిదండీ?" అంది ఫోను.

డబ్బా చూశాం. పేరు వేరు, మందు మాత్రం మేం ఇచ్చిందే.

"రెండూ ఎందుకు బాబాయ్ గారూ?"

"అంత దూరాన్నించి ఆవిడ పంపేరు, మానేస్తే కష్టపెట్టుకోరాండీ? మీరేమో ఇంటికొచ్చి మరీ ఇచ్చేరు, వేసుకోపోతే బాగోదు కదండీ."

"ఈయనకి వద్దనడం రాదు డాక్టరమ్మగారూ. పెళ్లిచూపుల్లో మా నాన్న పెట్టిన కాజాలు పద్దెనిమిదీ తినేసేరు," అంది ఫోను.

నేను ఉపన్యాసానికి గొంతు సవరించుకునేలోగా ఆ పిల్ల తేల్చేసింది. "పిన్నిగారూ, ఇవాళ రెండూ వద్దు. బీపీ పెరిగాక నేను చెబుతాను, అప్పట్నుంచి మీరు పంపిందే, మీరు చూస్తుండగానే. మావి నేను పట్టుకుపోతాను. మీవి అయిపోతే చెప్పండి, అప్పుడు మావి ఇస్తాను."

ఫోనులోంచి "ఆయ్". ఆయన దగ్గర్నుంచి ఇంకో "ఆయ్", కాస్త తేలిగ్గా.

వారంలో బీపీ దారికొచ్చింది. మరో వారానికి వెళితే ఇంట్లో లేరు. రేవులో పడవ దిగుతూ ఎదురయ్యారు. నా చేతిలో చందువాల బుట్ట పెట్టి, "మీకోసమేనండి," అన్నారు.

నేను చేప ముట్టను. వద్దనలేక కారులో పెట్టుకున్నాను. ఆ వాసన ఇంకా వదల్లేదు.

ఆ పిల్ల ఇప్పుడు జూనియర్లకు ఈ కథ చెబుతోందట. కాజాలు నలభై అయ్యాయని విన్నాను.