మూడో చరణం

ఓలీటా క్రాబ్‌ట్రీ చెప్పిన మాట వినదని నాష్‌విల్ టెలివిజన్ వాళ్ళందరికీ తెలుసు. తెలిసీ శనివారం పాటల కార్యక్రమం వచ్చేసరికి సౌండు చూసే కుర్చీలో ఆమెనే కూర్చోబెట్టేవారు. ఫిడేలు, బాంజో, స్టీల్ గిటారు, డ్రమ్ములు, పాడేవాళ్ళు, అంతా ఒక్కసారిగా మోగుతుంటే ఆ రొదలోంచి పాటను ఏరి జనం వంటిళ్ళలోకి పంపడం ఆ రోజుల్లో ఏ కొద్దిమందికో చేతనయ్యేది. రికార్డింగు అయితే తప్పు జరిగినా మళ్ళీ చేసుకోవచ్చు. ప్రత్యక్ష ప్రసారంలో చెయ్యి తడబడితే ఆ తడబాటు కూడా రాష్ట్రమంతా వినాల్సిందే.

ఆమెది తూర్పు కొండల్లో ఒక బొగ్గు గనుల ఊరు. పెళ్ళీడు రాకముందే టెలిఫోన్ ఎక్స్చేంజిలో చేరి, చెవులకు ఫోను తగిలించుకుని, ఎవరి గొంతును ఎవరికి కలపాలో నేర్చుకుంది. తర్వాత నాష్‌విల్ వచ్చి స్టూడియోలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చూసుకుంది. ఒక శనివారం సౌండు చూసే మనిషి బాగా తాగొచ్చి కుర్చీలోనే ఒరిగిపోతే, అతన్ని భుజం పట్టి పక్కకు జరిపి తను కూర్చుంది. ఎవరూ లెమ్మనలేదు. లెమ్మన్నా లేచేది కాదు.

గొంతులనూ వాయిద్యాలనూ కలిపే మిక్సరు బల్ల ముందు పెద్ద పెద్ద స్పీకర్లున్నా ఆమె వాటిని నమ్మేది కాదు. పాత టీవీలోంచి ఊడబీకిన చిన్న స్పీకరొకటి పక్కన పెట్టుకుని అందులోనే వినేది. జనం ఇళ్ళలో ఉన్నది అదే కదా అనేది. స్టీల్ గిటారు వాయించే హర్షెల్ టగల్‌కు ఆ స్పీకరును చూస్తే ఒళ్ళు మండేది.

"నా వాయిద్యాన్ని దోమను చేసి వదిలావు కదే ఓలీటా!" అన్నాడొకసారి.

"దోమ కాబట్టే చెవి దాకా వచ్చింది. నువ్వు మోగించినట్టే వదిలితే ఏనుగులా గుమ్మంలోనే ఇరుక్కునేది" అంది.

హర్షెల్ తిట్టుకుంటూనే వెళ్ళి ఆమెకో కాఫీ తెచ్చిచ్చాడు. వాళ్ళ స్నేహం అలాంటిది.

పంతొమ్మిది వందల డెబ్భై నాలుగులో, వేసవి చివర, డోవీ సైజ్‌మోర్ అనే అమ్మాయి కార్యక్రమానికి వచ్చింది. కెంటకీ పిల్ల. నిన్నమొన్నటిదాకా బట్టలుతికే దుకాణంలో పనిచేసింది. మనిషి చూస్తే పుల్లలా ఉంది కానీ, నోరు తెరిస్తే గది మొత్తం ఆమెదే. తను కట్టుకున్న పాటే పాడతానంది. మొగుడి చేతిలో మణికట్టు విరిగిన ఆడమనిషి పాట అది. మొదటి చరణంలో ఆమె డాక్టరుతో మెట్ల మీంచి జారిపడ్డానని చెబుతుంది. రెండో దాంట్లో ఇరుగుపొరుగు కిటికీలు మూసుకుంటారు. మూడో దాంట్లో చర్చి పాస్టరు దగ్గరికి వెళితే, ఇంటికెళ్ళి ఓర్చుకోమ్మా, అతని కోసం ప్రార్థన చెయ్యి అంటాడు. ఆమె ప్రార్థన చెయ్యదు. కారు తాళాలు తీసుకుంటుంది.

మధ్యాహ్నం రిహార్సల్లో ఈ మూడో చరణం వినపడగానే, కార్యక్రమానికి డబ్బు పెట్టే పిండి కంపెనీ మనిషి కుర్చీలోంచి లేచాడు. తమ పిండి కొనేది చర్చికెళ్ళే ఇల్లాళ్ళేననీ, ఆ చరణం ఉండకూడదనీ ప్రొడ్యూసరు లమార్ పెటిగ్రూతో చెప్పాడు. పెటిగ్రూ డోవీతో చెప్పాడు. డోవీ "సరే, చూద్దాం సార్" అంది. ఆ 'చూద్దాం' ఎలాంటిదో పెటిగ్రూకు అర్థమైంది. తిన్నగా కంట్రోల్ రూముకు వచ్చాడు.

ఓలీటా మొక్కజొన్న రొట్టె నములుతోంది.

"ఆ పిల్ల మూడో చరణం ఎత్తుకుందంటే మైకు మూసెయ్యి. ఫిడేలు పైకి లేపు. పాట అక్కడికి అయిపోయిందనుకుంటారు" అన్నాడతను.

"నేను మూయను లమార్ గారూ."

"ఏం, అది నీ కథా?"

"నా కథేం కాదు. నా మొగుడు, పోయినాయన, కోడిపిల్లను చూసినా జడిసేవాడు. పాడే మనిషి నోరు నేను మూయనంటున్నాను, అంతే. అది నా పని కాదు. మూయాలనుంటే పాడొద్దని ఆ పిల్లతోనే గట్టిగా చెప్పండి, ముఖం మీద."

"చెప్పాను."

"మరి ఇక నాతో ఏం పని?"

"సోమవారం నీకు ఉద్యోగం ఉండాలా వద్దా?"

ఓలీటా చేతికంటిన రొట్టె పొడి దులుపుకుంది. "శనివారం సంగతి ముందు చూడనివ్వండి" అంది.

అప్పటికప్పుడు ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి ఇంకో మనిషి లేడు. పెటిగ్రూకు అదే మంట. సాయంత్రం ప్రసారం మొదలైందని ఎర్ర దీపం వెలిగేసరికి అతను వచ్చి ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు. అతని ఊపిరి ఆమె మెడకు తగులుతోంది. ఆమెకు భయం వెయ్యలేదనడం అబద్ధం. అద్దె ఇల్లు, మోకాళ్ళ నొప్పుల తల్లి, అన్నీ గుర్తొచ్చాయి. గుర్తొచ్చినకొద్దీ ఒళ్ళు మండింది. ఇవన్నీ నాకు గుర్తుంటాయని తెలిసే కదా ఈ మనిషి ఇంత ధీమాగా నా వెనక నిలబడ్డాడు అనుకుంది.

డోవీ మొదలుపెట్టింది. మొదటి చరణం, రెండో చరణం అయ్యాయి. ఫిడేలు అందుకుంది. ఫిడేలు దిగుతుండగా డోవీ కళ్ళు మూసుకుని గుండెల నిండా గాలి పీల్చుకోవడం కంట్రోల్ రూము గాజు అద్దంలోంచి కనిపించింది.

"ఇప్పుడే. ముయ్యి" అన్నాడు పెటిగ్రూ.

ఓలీటా చెయ్యి కదిలింది. డోవీ మైకు మీటను కొద్దిగా పైకి జరిపింది. తర్వాత డ్రమ్ములు దించింది. బాంజో దించింది. ఫిడేలు దించింది. పాస్టరు మాట వచ్చేసరికి చిన్న స్పీకరులో ఆ పిల్ల గొంతు ఒక్కటే మిగిలింది, పక్కింటావిడ గోడ అవతలి నుంచి మాట్లాడుతున్నంత దగ్గరగా. లోపల హర్షెల్‌కు ఏమర్థమైందో, తీగల మీద అరచెయ్యి పరిచి ఊరుకున్నాడు.

పెటిగ్రూ ఆమె భుజం మీంచి చెయ్యి చాచాడు. ఓలీటా మీటలన్నీ కప్పేలా ముంజేతులు రెండూ బల్ల మీద ఆనించింది.

"తియ్యి."

"తియ్యను. నామీద చెయ్యేశావో, ఈ బల్ల మీది మైకు తెరిచి అరుస్తాను. నువ్వూ టీవీలో పడతావు."

అంతదాకా ఆమె అతన్ని నువ్వు అన్నది లేదు. అతని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. డోవీ తాళాలు తీసుకుంది, కారెక్కింది, పాట ముగిసింది. స్టూడియోలో కూర్చున్నవాళ్ళు చప్పట్లు అందుకున్నారు. ఆ తర్వాత ఆపడం మరిచిపోయారు.

ఫోన్లు ఆగకుండా మోగాయి. తిట్టినవాళ్ళు చాలామందే. కొందరు ఆడవాళ్ళు మాత్రం ఏడ్చి ఫోను పెట్టేశారట.

సోమవారం పెటిగ్రూ పిలిచి మెత్తగా మాట్లాడాడు. "చూడమ్మా, చెయ్యి జారిందని కంపెనీ వాళ్ళతో ఒక్క మాట చెప్పు చాలు. నేను సర్దుతాను. నీ చోటు నీకుంటుంది."

ఆ మెత్తదనం ఆమెకు కోపంకన్నా ఎక్కువ అవమానంగా తోచింది.

"ఇన్నేళ్ళలో నా చెయ్యి ఒక్కసారీ జారలేదు. జారిందని చెప్పి బతకమంటావా? మైకు బాగానే పనిచేసింది. నేనూ బాగానే పనిచేశాను. నచ్చకపోతే తీసెయ్యి, కానీ చేతకానిదాన్నని మాత్రం నా నోటితో నేను చెప్పను."

తీసేశాడు. ఊళ్ళో మిగతా టీవీ స్టేషన్లకు కూడా కబురు పెట్టాడు. సంగతి విని తల్లి "ఏం తింటామే?" అని అడిగి, అంతలోనే, "పోనీలే, చిక్కుడు గింజలు నానబోశాను" అంది.

మొదటి చలికాలం గడవడం కష్టమైంది. పశువుల వేలంపాటల్లో, జిల్లా సంతల్లో, ట్రక్కు వెనక స్పీకర్లేసుకుని తిరిగింది. వానలో తడిసిన వైర్లు చుట్టి చుట్టి వేళ్ళు పగిలాయి. తప్పైందని పెటిగ్రూకు కబురు పెట్టమని చుట్టాలు చెప్పారు. ఆమె ఆ చుట్టాలకు కబురు పెట్టడం మానేసింది. హర్షెల్ తన బ్యాండు ఎక్కడ వాయించినా ఆమే ఉండాలని పట్టుబట్టేవాడు. "దోమనైనా ఫరవాలేదు" అనేవాడు.

డోవీకీ కొన్ని చోట్ల తలుపులు మూసుకున్నాయి. కానీ పాట మూసుకోలేదు. రెండేళ్ళు తిరిగేసరికి ఆమె రికార్డు ప్రతి ట్రక్కు డ్రైవర్ల హోటల్లోనూ మోగింది. అప్పుడు టెలివిజన్ వాళ్ళే వెంటపడ్డారు. డోవీ ఒకటే అడిగింది. "సౌండు మా ఓలీటా గారు చూస్తారు. లేకపోతే మీ టీవీ మీ దగ్గరే ఉంచుకోండి."

కొందరు వద్దన్నారు, కొందరు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నచోట ఓలీటా తన స్పీకరు చంకలో పెట్టుకుని వచ్చి, అక్కడి మగవాళ్ళు గుడ్లప్పగించి చూస్తుంటే, కుర్చీ ఎత్తు సరిచేసుకుని కూర్చునేది. ఒక కుర్ర ప్రొడ్యూసరు "మేం చెప్పినట్టు వింటారు కదండీ?" అని అడిగాడు.

"పాట బాగుపడే మాటైతే వింటాను బాబూ. ఇంకే మాటైనా నీ దగ్గరే దాచుకో" అంది.

చెవులు మొరాయించేదాకా ఆ పని చేసింది. తర్వాత హర్షెల్ ఇంటి వెనక షెడ్డులో చుట్టుపక్కల ఆడపిల్లలకు మిక్సరు నేర్పుతూ, ఏ మీట ఎందుకో కేకలేసి చెప్పేది. ఒక పిల్ల ఆ శనివారం గురించి విని, "అలా చేసినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా?" అని అడిగింది.

ఓలీటా మిక్సరు మీద ఒక మీటను వేలితో కిందికి జరిపింది.

"పడ్డాను. ఆ ఫిడేలును ఇంకాస్త ముందే దించాల్సింది. ఆ పిల్ల పాడిన ఒక మాట మొదలు ఇళ్ళలో వినేవాళ్ళకు సరిగ్గా వినపడి ఉండదు."