ఒక్కొక్కడినే పంపే రాజు

మా ఇంటాయన బద్వేలులో గుడ్డల అంగడి నడిపిన మనిషి. రెండువేల నాలుగులోనో అయిదులోనో, అంగట్లో నిచ్చెన మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముకైతే అతుక్కుంది. పొద్దునా సాయంత్రం నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుందని, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా వంగదని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఈయన నడిస్తే కదా! ఇంటర్ చదివే మనవరాలు, తాతకు పొద్దు పోవడం లేదని తన కంప్యూటర్లో రాజుల ఆట ఒకటి పెట్టిచ్చింది. అంతే, ఇక కుర్చీ దిగలేదు.

నేను చదివింది మూడో తరగతి. అయినా పక్కన కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుకుంటూ చూస్తే ఆట అర్థమైంది. ఒకసారి మనం కదపాలి, ఒకసారి కంప్యూటర్ రాజు కదపాలి. ఊళ్లు కట్టాలి, గోడలు లేపాలి, సైన్యాన్ని మేపాలి. అంతా బాగానే ఉంది కానీ, అంత తెలివితక్కువ రాజును నేను మా అత్తగారి వైపు కూడా చూడలేదు.

వాడి దగ్గర బోలెడు సైన్యం. మా కోట మీదికి మాత్రం ఒక్కొక్కడినే పంపుతాడు. ఒకడు చచ్చాక ఇంకొకడు. కంచె కంతలోంచి దూరి కర్ర దెబ్బ తిన్న కోడికైనా మర్నాటికి బుద్ధి వస్తుంది. తన ఊరు తగలబడుతుంటే కాపలావాళ్లను పడవెక్కించి సముద్రంలో ఊరికే తిప్పుతాడు. గడ్డి కూడా మొలవని చవుడు నేల చూసుకుని, సరిగ్గా మా గోడ పక్కనే కొత్త ఊరు కడతాడు. పైగా బెదిరింపులు.

మనవరాలు చదివి చెప్పింది. "అవ్వా, మన బంగారమంతా ఇచ్చేస్తే మనల్ని వదిలేస్తాడంట."

అప్పటికి వాడికి మిగిలింది ఒక్క ఊరు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుండాది. ముందు వాని ఊరికి కాపలా పెట్టుకోమని చెప్పు" అన్నాను.

ఈయన మీసం దువ్వాడు. "చూస్తివా నా దెబ్బ!"

"నీ దెబ్బ కాదయ్యా, వాని తెలివి. లెయ్, నడుచు."

"ఉండు మే, ఇంకొక్క ఊరు."

ఆ ఒక్క ఊరూ అయ్యేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. ఒకనాడు స్నానానికని లేచి, మోకాలు వంగక గోడ పట్టుకుని నిలబడిపోయాడు. నోటితో చెప్తే వినే మనిషి కాదు.

"అంత మొనగానివైతే నాతో పులిమేక ఆడు. గెలిస్తే ఇంక నోరెత్తను. ఓడితే దినామూ అంగడి దాకా నడిచిపోయి రావాల."

"రాజ్యాలు కొట్టినోణ్ణి, నీతో ఏంది మే?"

"నీ రాజ్యాలు స్విచ్చి ఆపితే పోతాయి. కూచో."

పీట మీద సుద్దతో గీతలు గీసి మంచం మీద పెట్టాను. ఆయనవి పులులు, మూడు గులకరాళ్లు. నావి మేకలు, చింతపిక్కలు. పులి మేక మీదుగా దూకి తింటుంది. పులులు కదలకుండా చుట్టుముడితే మేకలది గెలుపు.

నేను ఒక మేకను ఒంటరిగా ముందుకు తోశాను. ఆట తెలిసినవాడు ఎవడైనా, ఇదెందుకు వచ్చిందబ్బా అని ఒకసారి ఆగుతాడు. పెళ్లయిన కొత్తలో ఈయనా ఆగేవాడు. ఆ తిక్క రాజుతో ఆడి ఆడి, ఎదుటివాళ్లు పంపేది చావడానికే అనుకోవడం అలవాటైపోయింది. టక్కున దూకి తిన్నాడు. ఇంకొకటి తోశాను. అదీ తిన్నాడు.

"చూడు పాపా, మీ అవ్వ గూడా కంప్యూటర్ మాదిరే ఆడతాంది!"

మనవరాలు నోటికి పైట అడ్డం పెట్టుకుంది. ఇంకో మేకను తిన్న పులి మూలకు పోయి పడింది. వెనక దారి మూసేశాను. తక్కిన రెండు పులులకు అప్పటికే దారి లేదు. ఆయన తిండి చూసుకుంటుంటే నేను దారులు చూసుకున్నాను.

"ఉండుండు, ఒక అడుగు ఎనక్కి పెట్టుకుంటా."

"ముట్టిన రాయి ముట్టిందే."

"కంప్యూటర్లో ఎనక్కి పోవచ్చు మే!"

"వాడు అమాయకుడు, ఎందుకని అడగడు. నేను అడుగుతా."

ఈయన మొండివాడే కానీ మాట తప్పే మనిషి కాదు. చేతికర్ర తీసుకున్నాడు, మూలుగుతూ మెట్లు దిగాడు. నేను తలుపు చాటున నిలబడి చూస్తున్నాను. కాలు ఈడుస్తున్నాడు, అయినా నడుస్తున్నాడు.

ఎదురింటి కిరాణా అంగడాయన అడిగాడు. "ఏమన్నా, ఇంత ఎండలో యాడికి పోతాండావు?"

"ఏం చెప్పేదప్పా" అన్నాడు ఈయన. "మేకలు నన్ను తోలుతాండాయి."