అరవ నాటకం, నా బులాకీ

మొన్న మా మనవలిద్దరూ అరవ సినిమాలన్నిట్లోకీ గొప్పది ఏదని గొంతులు పోయేలా వాదించుకుని, చివరికి నా మీదికి వచ్చారు. "మామ్మా, నీకు అరవం వచ్చుగా. నువ్వు చెప్పు" అన్నారు. నేను లేచి, పప్పులో రాళ్లు ఏరుకోడానికి వంటింట్లోకి పోయాను. పప్పులో రాళ్లు లేవు. నాకున్నది భయం. ఒకప్పుడు అరవ నాటకాల్లో గొప్పది ఏదో తేల్చబోయి ముక్కున ఉన్న బంగారం పోగొట్టుకున్నాను, ఒక కంపెనీకి రాణి లేకుండా చేశాను, ధవళేశ్వరం ఆడవాళ్లకి ఏడాదికి సరిపడా నవ్వు పంచిపెట్టాను. ఊరికే ఏదీ పంచే అలవాటు నాకు లేదు. అదొక్కటే పంచింది.

అప్పటికి తెరమీద బొమ్మ కదులుతుందంటే నమ్మేవాళ్లు లేరు. నేను కొత్తగా కాపరానికి వచ్చాను. మావారు ఆనకట్ట ఆఫీసులో గుమాస్తా. పక్కింట్లో అరవ ఓవర్సీయరు గారు, ఆయన భార్య అలమేలు గారు ఉండేవారు. గోడ మీదుగా ఆవిడ దగ్గర చారుపొడి అడిగి తెచ్చుకుంటూ నేను నేర్చిన అరవం ఎంతంటే, రమ్మనడం, పొమ్మనడం, ఉప్పు చాలదనడం. ఆ మూడింటితో ఏ నాటకమైనా అర్థమవుతుందని నా ధీమా. మా అత్తగారికి నా వంట నచ్చదు, నా ముగ్గు నచ్చదు, నా నడక అసలే నచ్చదు. "అరవం మాత్రం మా కోడలికి మంచినీళ్లు తాగినట్టే" అని నలుగురిలో అనేవారు. ఆవిడ నోట నాకు దక్కిన పొగడ్త అదొక్కటే. దాన్ని ఉట్టి మీద నేతిగిన్నెలా కాపాడుకుంటున్నాను.

అలాంటి రోజుల్లో ఒక అరవ నాటకాల కంపెనీ వచ్చి లాకుల దగ్గర తాటాకు పందిరి వేసింది. ఒక రాత్రి రాజు కథ, ఒక రాత్రి గజదొంగ కథ ఆడుతుంటే, ఊరంతా టికెట్టు కొనుక్కుని వెళ్లేవారు. నేను వెళ్లలేదు. కాలవకి నీళ్లకి వెళ్లే దారి పందిరి పక్కనుంచే. పగలు వాళ్లు సాధన చేసుకునేటప్పుడు బిందె కింద పెట్టి తడిక సందులో కన్ను పెడితే, కథ అంతా ఊరికే వస్తుంది. రంగూ దీపాలూ ఉండవు. నేనేమైనా రంగు తింటానా, దీపాలు మూటగట్టుకుపోతానా.

ఒక మధ్యాహ్నం చూశాను, ఇంక అలాంటిది ఈ జన్మలో చూడను. రాజు వేషం వేసే లావుపాటాయన కంపెనీ యజమాని. రాణి వేషం వేసే కుర్రవాడు ఆయన ఎదుట నిలబడ్డాడు. అప్పట్లో రాణులంతా మగవాళ్లేగా, నున్నగా గీసిన మొహం, నడుందాకా జుట్టు. ఆ రాణి ముక్కు కింద వేలు పెట్టి చూపించి వలవలా ఏడ్చింది. రాజు తన మీసం దువ్వుకుని తల అడ్డంగా ఊపాడు. కోపం వస్తే రాజన్నవాడు మీసం దువ్వడా మరి. రాణి కాళ్ల మీద పడింది. రాజు చెంబు విసిరాడు. రాణి బట్టలు మూటగట్టుకుని వెళ్లిపోయింది. వంటవాడు కూడా కళ్లు తుడుచుకున్నాడు. తడిక ఇవతల నేను ఏడ్చిన ఏడుపుకి బిందె నిండిందేమో, ఆ రోజు కాలవలోకి దిగిన గుర్తు లేదు.

కథ నాకు ఇట్టే తెలిసిపోయింది. ముక్కు కింద ఏముంటుంది? బులాకీ. రాణి బులాకీ పోగొట్టుకుంది. రాజు అనుమానించి వెళ్లగొట్టాడు.

కంపెనీ వెళ్లిపోయే ముందు, ఊరివాళ్లు గొప్పదని తేల్చిన నాటకానికి సభలో బహుమతి ఇవ్వాలన్నారు. మగవాళ్లు సగంమంది రాజు నాటకమని, సగంమంది దొంగ నాటకమని చొక్కాలు పట్టుకున్నారు. సభకి పెద్దగా ఉన్న ప్లీడరు గారు తెలివైనవారు, తీర్పు ఆడవాళ్లకి వదిలేశారు. వాళ్లావిడ కామేశ్వరమ్మ గారు మమ్మల్నందరినీ తమ అరుగు మీద కూర్చోబెట్టారు.

"ఏమ్మా రత్నం, అరవం తెలిసినదానివి నువ్వు. నువ్వు చెప్పు, దొంగ నాటకమేనా?"

"బులాకీ నాటకం ముందు అదీ ఒక నాటకమేనా అండి."

"అదెప్పుడు ఆడారు? మేమెవరం చూడలేదే."

"పగటిపూట ఆడారండి. అరవం వచ్చినవాళ్లకి మాత్రం."

మా అత్తగారు అందరివైపూ ఒకసారి చూసి సర్దుకు కూర్చున్నారు. నేను లేచి చెంబు విసరడం దగ్గర్నుంచి మూటదాకా ఆడి చూపించాను. అరుగంతా ముక్కులు చీదింది.

"అయితే ఆ రాణికి మనమే బులాకీ ఇద్దాం" అన్నారు కామేశ్వరమ్మ గారు. "సభ రేపు రాత్రే, ఆలోగా కంసాలి చెయ్యలేడు. ఎవరికైనా ఉందా?"

అందరూ బులాకీలు మాని నత్తుల్లోకి దిగిపోయిన కాలం. బులాకీ నా ఒక్కదాని ముక్కుకే వేలాడుతోంది. అరుగు మీది కళ్లన్నీ దాని మీద వాలాయి. నాకొచ్చిన అరవం మూడు ముక్కలేనని నిజం చెబితే బులాకీ దక్కుతుంది, అరవం పోతుంది. నోరు మూసుకుంటే అరవం దక్కుతుంది, బులాకీ పోతుంది.

"ఇచ్చెయ్యవే. మళ్లీ చేయిద్దాం" అన్నారు అత్తగారు. ఆ మళ్లీ ఇంతవరకు రాలేదు.

మర్నాటి రాత్రి యజమాని "అలాంటి నాటకం మా దగ్గర లేదండి" అంటే, ప్లీడరు గారు వినయమనుకుని మెచ్చుకుని, రాణిని పిలిచి బులాకీ చేతిలో పెట్టారు. ఆడవాళ్లకని కట్టిన తెర వెనక అలమేలు గారు నా పక్కనే కూర్చున్నారు.

"రత్నం, ఆ పిల్లవాడికి బులాకీ ఎందుకు?"

"పోయింది కదండీ. రాజుగారు వెళ్లగొట్టారు కదా."

"ఎవర్ని? ఎప్పుడు?"

చెప్పాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకున్నారు.

"అది నాటకం కాదమ్మా. ఆ అబ్బాయికి పెళ్లి కుదిరింది. మీసం లేకుండా పీటల మీద ఎలా కూర్చోను, పెంచుకుంటానని మేనమామని బతిమాలుకున్నాడు. ఆ మేనమామే యజమాని. మీసమొస్తే రాణి ఎవరని చెంబు విసిరాడు. అలిగి పోతూంటే మావారే లాకులు దాటకముందే పట్టుకుని వెనక్కి తెచ్చారు."

అక్కడ వేదిక మీద, మీసం కోసం ఏడ్చినవాడు, సరిగ్గా మీసం ఉండాల్సిన చోట వేలాడేసుకోమని మేమిచ్చిన బులాకీని చూసుకుని, పైపెదవి తడుముకుని, బావురుమన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. "ఏం నటన, ఏం నటన" అన్నారు.

మా వెనక కూర్చున్న అత్తగారు అంతా విన్నారు.

"ఏమే, ఆ పగటి ఆట ఎక్కడ కూర్చుని చూశావు?"

"కూర్చోలేదండి. తడిక సందులోంచి."

తెల్లవారి నుంచి ఆవిడ నలుగురిలో కొత్త పొగడ్త మొదలుపెట్టారు. "మా కోడలు మహా పొదుపరి. ఊరికే నాటకం చూసి, బంగారం ఇచ్చి వచ్చింది."

సంగతి ఓవర్సీయరు గారి వల్ల విన్న యజమాని పొట్ట పట్టుకుని నవ్వి, ఆ నవ్వులోనే మీసానికి ఒప్పుకున్నాడట. రాణికి మీసం వచ్చింది, పెళ్లయింది, నా బులాకీ పెళ్లికూతురి ముక్కుకి చేరింది. రాణి లేక ఆ కంపెనీ చాన్నాళ్లు దొంగ నాటకం ఒక్కటే ఆడింది. ఆ పిల్లకి బులాకీ బాగా నప్పిందని అలమేలు గారు చెప్పారు. నప్పదూ మరి, బంగారం ఎవరిది.

ఆ రోజే గోదావరి వైపు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను, టికెట్టు కొనకుండా ఏ ఆటా చూడనని. టికెట్టు కొనడం నా ఒంటికి పడదు కనుక, ఆ ఒట్టు ఇప్పటిదాకా చెక్కుచెదరలేదు.