ఎడమ చక్రం మూత

మా వదిన బుజ్జమ్మ ఎవర్నీ నమ్మదు. కోటబొమ్మాళి బజారులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. శ్రీముఖలింగం వెళ్ళినా దర్శనం వరస మధ్యలోంచి తప్పుకుని, బయట విడిచిన చెప్పులు ఉన్నాయో లేదో చూసుకుని, మళ్ళీ వరస చివర నిలబడే మనిషి. నేను సొంత మరిదిని. ఒకే కిరాణా కొట్లో చెరో పక్కన కూర్చుంటాం. అయినా నేను గల్లాపెట్టె దగ్గరికి జరిగితే దగ్గుతుంది. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడూ మండుతుంది గానీ, ఆవిడ దగ్గితే నేనూ తిరిగి దగ్గడం నేర్చుకున్నాను.

పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదిది. మా అన్నయ్య నరసింగరావు పోయి ఇంట్లో అందరం ఏడుస్తూ ఉండగా, పెరట్లో లారీకి ఉన్న కొత్త టైర్లు పోయి, ఎవరివో అరిగిపోయిన టైర్లు వచ్చి చేరాయి. పరామర్శకి వచ్చినవాళ్ళలోనే ఎవరో చేసిన పని. ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. తేలి ఉంటే అనుమానం ఆ ఒక్కడితో పోయేది. తేలక ఊరందరి మీదా పడింది.

ఆ లారీ అన్నయ్య మిలటరీ వేలంలో కొన్నది. దాని నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి. మెళియాపుట్టి దాటి కొండమీది ఊళ్ళకి ఉప్పూ పప్పూ సిమెంటూ ఎక్కించి, కిందికి చింతపండూ కొండచీపుర్లూ దింపుతుంది. ఇప్పుడు కొండ మొదలు దాకా తారు రోడ్డు వేశారు. నున్నటి రోడ్డు మీద కూడా నాలుగు చక్రాలూ లాగడం వల్ల డీజిలు తాగడం, ముందు టైర్లు తినెయ్యడం తప్ప మరో లాభం లేదు. టెక్కలి రోడ్డులో షెడ్డు పెట్టుకున్న ధర్మేంద్ర అనే మెకానిక్ ఒక ఉపాయం చెప్పాడు.

"గేర్ బాక్సు ఎనకాల పెట్టె ఉన్నాది సూడు పెద్దమ్మా, అందులో ముందుకీ ఎనక్కీ బలం పంచే గేర్లున్నాయి. అవి తీసేసి ఒకే ముక్క ఎడతాను. ముందు సక్రాలకి తిప్పుడు మూతలు ఎడతాను, తిప్పితే సక్రాన్ని పట్టుకుంటాయి, ఎనక్కి తిప్పితే వదిలేస్తాయి. తారు రోడ్డు మీద ఎనక సక్రాలే లాగుతాయి. కొండ దగ్గర దిగి, రెండు మూతలూ తిప్పి, లివర్ లాగితే మళ్ళీ నాలుగూ లాగుతాయి."

"గేర్లు తీసేస్తావా? తీసి ఏటి సేస్తావు?"

"నీకే ఇచ్చేస్తాను. గోతాంలో కట్టి నీ ఒళ్ళో ఎడతాను."

ఒప్పుకుంది గానీ పని జరిగినన్ని రోజులూ షెడ్డులోంచి కదల్లేదు. భోజనం కూడా నేనే కేరేజీలో తీసుకెళ్ళాను. ధర్మేంద్ర స్పానరు కోసం వంగితే ఆవిడా వంగేది. అతను నవ్వేసేవాడు. పాతికేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు, మనిషి నెమ్మదస్తుడు, షెడ్డుకి తలుపు కూడా లేదు, సామాన్లన్నీ బయటే పడేసి ఇంటికి పోయేవాడు. "అంత నమ్మకంగా ఉన్నాడంటే ఏదో ఉన్నాది, మురళీ," అంది నాతో.

మార్చిన బండి తారు రోడ్డు మీద చక్కగా నడిచింది. స్టీరింగు తేలికైందన్నాడు మా డ్రైవరు రాంబాబు. కొండ ప్రయాణానికి మాత్రం వదిన తనే బయల్దేరింది, నన్నూ వెంటపెట్టుకుంది. కొండ మొదట్లో రాంబాబు దిగి రెండు మూతలూ తిప్పి, టీ తాగడానికి పాకలోకి వెళ్ళాడు. వదిన బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసింది. ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఏదో సర్ది, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి ఎక్కింది. ఆవిడ ప్రదక్షిణాలకి అలవాటు పడినవాణ్ణి, నేను పట్టించుకోలేదు.

ముందు రోజు వాన పడింది. గెడ్డ దాటి ఒడ్డు ఎక్కబోతే వెనక చక్రాలు బురదలో గిర్రున తిరిగాయి. ముందు చక్రాలు ఒడ్డు మట్టిలో కూరుకుపోయి, ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి. రాంబాబు లివరు లాగాడు, తోశాడు, చెమటలు కక్కాడు. మూతలు చూస్తానని దిగబోతే వదిన కసిరింది.

"నాను సూసినాను, బాగానే ఉన్నాయి. ఆ ధర్మేంద్రగాడు పెట్టె డొల్ల సేసేసినాడ్రా! గేర్లు తీసినవాడు లోపల ఏటెట్టినాడో ఎవడు సూసినాడు?"

పగలంతా ఆ షెడ్డులో కూర్చుని కన్నార్పకుండా చూసింది తనే. ట్రాక్టరు తెచ్చి వెనక్కి లాగిస్తే, సరుకుతో సహా దిగొచ్చి, బురద బండిని తిన్నగా షెడ్డు ముందు నిలబెట్టింది. ఆ రోజు సంత. జనం మూగారు.

"మూతలు రెండూ తిప్పినారా పెద్దమ్మా?" అన్నాడు ధర్మేంద్ర.

"నా కళ్ళతో సూసినాను. మూతల మాటెత్తి తప్పించుకోకు. నా బండిలో ఏటి దొబ్బేసినావో పదిమందిలో సెప్పు!"

అతని మొహం నల్లబడింది. "దొంగనంటే నాను సెయ్యి ఎట్టను. నమ్మకం ఉన్నోడి దగ్గరికి తీసుకెళ్ళి విప్పించుకో," అని లోపలికి పోయాడు.

విప్పనన్నాడంటే దొంగేనని బజారు తీర్పు చెప్పేసింది. నిజం చెప్పాలంటే నాకూ అనుమానం తగిలింది. నెల తిరిగేసరికి అతని షెడ్డు ముందు ఒక్క బండి లేదు. విశాఖపట్నంలో ఎవరి దగ్గరో కూలికి చేరతాడని, షెడ్డు రేకులు అమ్మకానికి పెట్టాడని తెలిసింది. మా బండి పెరట్లోనే పడి ఉంది. ఇంకో మెకానిక్‌ని వదిన నమ్మితే కదా విప్పించడానికి.

ఒక ఆదివారం రాంబాబు బండి కడుగుతూ ఎండిన మట్టి గీకి, నన్ను కేకేశాడు. రెండు మూతల మీదా గాటు ఉంది, గాటు చుక్క మీదికి వస్తే చక్రం పట్టినట్టు. కుడి మూత గాటు చుక్క మీద ఉంది. ఎడమది ఎదురు పక్కకి తిరిగి ఉంది. ఒక పక్క వదిలేస్తే బలమంతా ఆ వదులు పక్కకే పోతుంది, ముందు చక్రాలు రెండూ ఉత్తవే అన్నాడు రాంబాబు. "రెండూ ఒకేపు తిప్పినాను బాబూ. ఇది ఎవులో ఎనక్కి తిప్పీసినారు."

వదిన మా వెనకే ఉంది. వంగి ఆ మూతని చూసింది.

"ఎడం పక్క నట్లు ఎదురు తిరుగుతాయి కదరా," అంది.

అప్పుడర్థమైంది నాకు. మా లారీకి కుడి చక్రాల నట్లు ఒకవైపు బిగిస్తే, ఎడమ చక్రాల నట్లు రెండోవైపు బిగించాలి. టైరు విప్పినప్పుడల్లా పక్కన కాపలా కాసిన మనిషికి అది తెలియకపోదు. రాంబాబు మూతలు రెండూ ఒకేవైపు తిప్పడం చూసి, కావాలనే ఎడమది వదులు చేశాడనుకుంది. మూతలకి ఆ తేడా లేదని తెలియక తన చేత్తో 'సరిచేసింది'. రాంబాబు రెండూ బిగించి, బండిని దమ్ము పట్టిన మడిలోకి దింపాడు. బురద చిమ్ముకుంటూ నాలుగు చక్రాలతో అవతలి గట్టెక్కింది.

"ఎవరికీ సెప్పొద్దు, మురళీ," అంది వదిన.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను వదినా. పాపం, ఆ కుర్రాడు ఊరొదిలి పోతున్నాడు," అన్నాను. ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు సంత. పొద్దున్నే పట్టుచీర కట్టుకుని నా ముందు నిలబడి, "పద," అంది.

షెడ్డు ముందు ధర్మేంద్ర రేకులు కడుతున్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళూ, సంతకి పోయేవాళ్ళూ ఆగి చూస్తున్నారు. వదిన అందరికీ వినబడేలా చెప్పింది.

"ఈడి తప్పేటీ నేదు. మూత నానే తప్పు తిప్పినాను. బండి బాగున్నాది. దొంగన్నందుకు నన్ను సెప్పుతో కొట్టాల. ఊరొదిలి పోకురా నానా."

ధర్మేంద్ర చేతిలో తాడు వదల్లేదు. నన్ను చూశాడు, వదిన పట్టుచీరను చూశాడు, చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు.

"ఎవులు పంపినారు నిన్ను?"

"ఎవులూ పంపనేదు."

"మరి ఏటి గావాల నా దగ్గర? బండిలో ఇంకేటి పాడయ్యింది?"

"ఏటీ పాడవ్వనేదురా. నిజం సెప్తన్నాను. నా మాట నమ్మవా?"

అతను తాడు ముడి బిగించి, అది గట్టిగా ఉందో లేదో రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

"నమ్మాలనే ఉన్నాది పెద్దమ్మా. అవ్వడం నేదు."

అన్నయ్య పోయిన రోజు కూడా పదిమందిలో కన్నీరు పెట్టని మనిషి, ఆ నడిరోడ్డు మీద కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ధర్మేంద్ర ఆ ఏడుపుని కూడా కాసేపు అనుమానంగా చూసి, రేకులు బండిమీదికి ఎత్తించాడు.