అశోక్‌నగర్‌లో కారప్పొడికి లాట్ నంబరు పడిన శుక్రవారం

రెండేళ్ల కింద పద్మక్క కారప్పొడి తయారీకి సాఫ్ట్‌వేర్ పెట్టింది నేనే. ఎన్ని బస్తాల మిరపకాయలు వచ్చాయి, ఎంత పొడి పట్టారు, ఎన్ని సీసాలు బయటికి పోయాయి, అన్నీ అందులో కనపడతాయి. లాట్ ట్రాకింగ్ ఒక్కటి మాత్రం ఆపి పెట్టాను. అది ఉంటే పట్టిన ప్రతిసారీ పొడికి ఒక నంబరు పడుతుంది, ఏ సీసాలో ఏ బస్తా మిరపకాయ ఉందో చెప్పొచ్చు. ముగ్గురు పనిచేసే వంటగదికి ఇదంతా ఎందుకులే అని పెద్ద తెలిసినవాడిలా వదిలేశాను. మొన్న ఆమె ఫోన్ చేసింది. నారాయణగూడ దుకాణంలో ఒక సీసాలోంచి బూజు వాసన వచ్చిందట. మళ్లీ అలాంటిది వస్తే ఏ సీసాలు తీసేయాలో నంబరుతో చెప్పాలని, శుక్రవారం సాయంత్రంలోగా ఆ ఏర్పాటు చూపించకపోతే అల్మారాలోంచి సరుకు మొత్తం దింపేస్తానని దుకాణం సేటు అన్నాడట. ఆమె అమ్మకాల్లో సగం ఆ ఒక్క దుకాణంలోనే. తప్పు నాది కాబట్టి, సరిచేయకుండా తిరిగి రాకూడదనుకుని శుక్రవారం పొద్దున్నే బయల్దేరాను.

ఉప్పల్‌లో ఏడున్నరకి మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో రైలు మారితే ఎనిమిదిన్నరకల్లా చిక్కడపల్లి. స్టేషన్ కింద బండి దగ్గర ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు. చుట్టూ చంకలో లావు పుస్తకాలతో గ్రంథాలయానికి వెళ్లే పిల్లలు, నిలబడే తింటూ నిలబడే చదువుతున్నారు. ఆటో అతన్ని అశోక్‌నగర్‌కి ఎంతని అడిగితే ఎనభై అన్నాడు.

"పావుగంట నడిస్తే వస్తది కదనే?" అన్నాను.

"మరి నడువన్న, ఎవరొద్దన్నరు?"

రోషానికి పోయి నడిచాను. మీరూ నడవండి, దారి తేలికే.

పై అంతస్తుల్లో కుర్రాళ్ల హాస్టలు, కింద పద్మక్క మిరపకాయలు పట్టే గిర్ని, వంటగది. గుమ్మంలోనే తుమ్ములు మొదలవుతాయి. కంప్యూటర్ తెరిచి సెట్టింగు మార్చబోతే ఒప్పుకోలేదు. స్టాకు ఉండగా కుదరదంది. అదీ న్యాయమే. మూలన డ్రమ్ములో ఉన్న ముప్పై కిలోల పొడి ఏ నంబరుదో దానికెలా తెలుస్తుంది? ముందు స్టాకుని సున్నాకి తేవాలి, సెట్టింగు మార్చాలి, ఆ తర్వాత అదే పొడిని నంబరుతో మళ్లీ ఎక్కించాలి. పావుగంట పని.

"నిన్న పట్టిందే కద తమ్మీ, ఒక్కటే నంబరు ఏసెయ్," అంది పద్మక్క.

"పోసేముందు డ్రమ్ము ఖాళీ చేశారు కదా అక్కా?" మాటవరసకే అడిగాను.

"ఖాళీ ఎట్ల చేస్తం? అడుగున పిడికెడు ఎప్పటికీ ఉంటది. మా అత్తమ్మ కాలం నుంచి గంతే. డ్రమ్ము ఉత్తగ చేస్తే బర్కత్ పోతది, ఇంట్ల కలిమి నిలువది."

నాకు పై ప్రాణం పైనే పోయింది. అంటే ప్రతి పాత పొడీ కొంచెం కొంచెంగా కొత్తదాంట్లోకి వస్తూనే ఉంది. బూజు పట్టినది కూడా.

"అక్కా, దీనికి ఒక్క నంబరు వేస్తే సేటుకి అబద్ధం చెప్పినట్టే."

"పిడికెడుకేనా?"

"బూజుకి పిడికెడు చాలు."

ఆమె డ్రమ్ము వైపు చూసింది. "ముప్పై కిలోలు తమ్మీ. అది గూడ శుక్రవారం నాడు."

నిజం చెప్పాలంటే, నంబరు కొట్టేసి ఇంటికి పోదామని నాకూ అనిపించింది. ఎవరికీ తెలియదు. కానీ 'ఎందుకులే' అని ఒకసారి అనుకున్నందుకే ఇక్కడిదాకా వచ్చింది. కంప్యూటర్ వదిలి డ్రమ్ము దగ్గరికి వెళ్లాను.

ఆమె కొంగు నడుముకి చుట్టింది. "ఆ పక్క పట్టు. బర్కత్ డ్రమ్ముల ఉంటదో, చేతుల ఉంటదో, ఇయ్యాల తెల్తది."

పారబోయడానికి ముప్పై కిలోలూ సంచుల్లో కట్టాం. డ్రమ్ము కడిగి, హాస్టలు పిల్లల బనీన్ల మధ్య మిద్దె మీద ఎండలో బోర్లించాం. అది ఆరేలోగా కంప్యూటర్‌లో సగంలో ఆగిన పని ఆర్డరు, అంటే నిన్నటి పొడి తయారీ లెక్క, మూసేసి, స్టాకు సున్నా చేశాను. ఈసారి సెట్టింగు మారు మాట్లాడకుండా మారింది. కొత్త బస్తా విప్పి పన్నెండు కిలోలు పట్టి, ఇరవై నాలుగు అరకిలో సీసాలకి మొదటి లాట్ నంబరు అంటించేసరికి నాలుగున్నర. నారాయణగూడకి ఆటో డెబ్బై అన్నాడు, బేరమాడే ఓపిక లేదు.

సేటు ఒక సీసా తీసి నంబరు చదివాడు. పద్మక్క ఫోన్‌లో చూసి, ఏ బస్తా, ఎప్పుడు పట్టారు, మొత్తం ఎన్ని సీసాలు, గబగబా చెప్పింది. సేటు తలూపి అల్మారా వైపు చూపించాడు. "మంచిదే. మరి గీ పాత ఇరవై ఆరిటి సంగతేంది?"

వాటికి నంబరు లేదు. నేనేదో సర్దిచెప్పబోయాను.

"వాటి సంగతి నాకు తెల్వదు సేటూ. అందుకే తీస్కపోత," అంది పద్మక్క. అని తన చేతులతోనే ఒక్కొక్క సీసా దింపి అట్టపెట్టెలో పెట్టింది. సేటు చూస్తూ నిలబడ్డాడు. చివరిది దింపాక, తెచ్చిన ఇరవై నాలుగూ ఆమె చేతుల్లోంచి తీసుకుని, అదే వరుసలో తనే పేర్చాడు.

తిరుగు రైల్లో నాకు గర్వం కంటే సిగ్గే ఎక్కువ వేసింది. నా బద్ధకానికి ఆమె ముప్పై కిలోల పొడి, పైన ఇరవై ఆరు సీసాలు పోగొట్టుకుంది, ఒక్క మాట కూడా అనలేదు. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకి ఒక్కటే చెప్తాను: రోజంతా ఖాళీ పెట్టుకుని వెళ్లండి. సెట్టింగు మార్చడానికి పావుగంట చాలు, తెర మీది సున్నా నిజంగా సున్నా కావడానికి సాయంత్రమవుతుంది.